ముందు ఆకు, తర్వాత కన్ను

నేను ఒక నల్ల అద్దం బిళ్లని. పాత రూపాయి నాణెమంత ఉంటాను. చుట్టూ అల్యూమినియం రింగు, రింగుకి మరచుట్లు, పైన తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు మూడు. ఆ మూడక్షరాలకీ అర్థం సూర్యుడని. నా గొప్ప నేను చెప్పుకోకూడదుగానీ, నేను వచ్చిన టెలిస్కోపు పెట్టెలో అన్ని సామాన్లుంటే పేరంటూ రాసిపెట్టింది నాకొక్కదానికే. మిగతావాటికన్నిటికీ నంబర్లే. అందుకని మొదట్నించీ నాకు కొంచెం పొగరు. ఇప్పుడు తగ్గిందనుకోండి. ఎలా తగ్గిందో చెప్పడానికే ఇదంతా.

పుట్టింది ఏ ఊళ్లోనో నాకు తెలీదు. కరిగిన గాజులో ఏదో నల్లమందు కలిపారు, పలక పోశారు, గుండ్రంగా కోశారు, రింగులో బిగించారు. చేతులకి తొడుగులేసుకున్న ఒకామె నన్ను ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసింది. గీత లేదు, బుడగ లేదు, సరే అనుకుని పక్క బుట్టలో పడేసింది. నా పరీక్ష అక్కడితో అయిపోయింది. ఆ షెడ్డుకి కిటికీ కూడా లేదండీ. సూర్యుడి పేరైతే పెట్టారుగానీ ఆయన్ని నాకు ఒక్కసారి కూడా చూపించలేదు. పెళ్లిచూపుల్లేకుండా తాళి కట్టించేసినట్టయింది నా పని.

నా మొదటి యజమాని చీరాలలో కళ్లజోళ్ల షాపు మస్తాన్‌వలి గారు. ఆయన మద్రాసు వెళ్లినప్పుడు మా టెలిస్కోపుని కొన్నారు. చిన్నదే. మూరన్నర పొడవు తెల్లగొట్టం, ముందువైపు అరచేతిలో పట్టేంత అద్దం, వెనకాల కన్ను పెట్టే చోట చిన్న కంటిగాజు, గొట్టం వీపు మీద గురి చూసుకోవడానికి ఇంకో పిల్లగొట్టం, నిలబడటానికి మూడు కాళ్లు. దాన్ని షాపు అద్దాల బీరువాలో కళ్లజోళ్ల మధ్య నిలబెడితే దారినపోయేవాళ్లు ఆగుతారని ఆయన ఆలోచన. నిజంగానే ఆగేవాళ్లు. ఆగినవాళ్లకి బజారు చివర సినిమా పోస్టరు మీద హీరోయిన్ ముక్కుపుడక చూపించి, ఆ ఊపులో ఒక జోడు అంటగట్టేవారు.

నేను మాత్రం సొరుగులో పడున్నాను. విరిగిన కళ్లజోళ్ల కాళ్లు, మేకుల్లాంటి బుల్లి మరలు, వాటి మధ్య నేను. ఒకరోజు ఆయన నన్ను వేళ్లతో పట్టుకుని బల్బుకి అడ్డంపెట్టి, మంచి నలుపు అన్నారు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని పదకొండేళ్లు బతికాను. ఏదో ఒకనాటికి పనికొస్తానని, పెద్దపనికే పనికొస్తానని అనుకుంటూ ఉండేదాన్ని.

చేతులు వణకడం మొదలయ్యాక ఆయన షాపు మూసేశారు. వాళ్లమ్మాయి చదువుకున్న బాలికల హైస్కూలు ఊరి శివార్లలో ఉంది. టెలిస్కోపుని పెట్టెతో సహా తీసుకెళ్లి ఆ స్కూలుకిచ్చి, పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయారు. మంచి మనిషి. సూర్యుడి జోలికి పోకుండా పదకొండేళ్లు నన్ను సొరుగులో పెట్టడం ఎంత మంచిపనో అప్పట్లో నాకు తెలీలేదు.

స్కూల్లో మా పెట్టె తెరిచింది దమయంతి టీచరు. ఫిజికల్ సైన్సు చెబుతుంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, నేతచీర, వరండా చివరిదాకా వినబడే గొంతు. ఆవిడ ఒక్కొక్క సామానూ తీసి బల్ల మీద పెడుతోంది, తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. నా వంతు వచ్చింది. రింగు మీద అక్షరాలు చదివింది. ఇప్పుడు నా పేరు గట్టిగా పైకి చదువుతుంది, పిల్లలందరూ వింటారు అని నేను ఉబ్బిపోతున్నాను. ఆవిడ మూతి ఒక పక్కకి తిప్పింది.

“దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి” అంది.

ఇక నా పరువు తియ్యడం మొదలుపెట్టింది. టెలిస్కోపు ముందు అద్దం ఎండనంతా పోగుచేసి వెనక్కి ఒక్క చోటికి తెచ్చి పోస్తుందట. సరిగ్గా ఆ పోసేచోట, కంటికి వేలెడు దూరంలో, నన్ను బిగిస్తారట. నిప్పులో నిలబెట్టిన గాజు ఎంతసేపు నిలబడుతుంది, ఎప్పుడో పగులుతుంది, పగిలిందని తెలిసేలోపే కన్ను పోతుంది అంది. ఇంట్లోకి దొంగ రాకుండా వీధి గుమ్మం దగ్గర ఆపాలిగానీ, ఇది మంచం పక్కన నిలబడి ఆపుతానంటుంది అంది. పిల్లలు నవ్వారు. కంటికి ఏదైనా అడ్డం పెట్టాలంటే టెలిస్కోపు మూతి దగ్గరే పెట్టాలి, ఎండ లోపలికి రాకముందే ఆపాలి, అంది.

ఈ మాటలు వినవలసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. అటెండరు పిచ్చయ్య. అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటున్నవాడే, సరిగ్గా నా సంగతి వచ్చేసరికి టైమైందని గంట కొట్టడానికి వెళ్లాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

పిచ్చయ్యకి ఎడమకంట్లో చిన్నప్పుడే పువ్వు పడింది. ఆ కన్ను ఉన్నా లేనట్టే. కుడికన్ను మాత్రం గద్దకన్ను. రోడ్డు మలుపులో ఆలస్యంగా వస్తున్న పిల్ల ఏ క్లాసుదో గేటు దగ్గర నించునే చెప్పేస్తాడు. మనిషి నెమ్మదస్థుడు. నడుముకి ఆకువక్కల సంచి, భుజాన తువ్వాలు. ఆ స్కూల్లో గంట ఆయనది, తాళాలు ఆయనవి, పిల్లల బెంగలు కూడా సగం ఆయనవే.

పిచ్చయ్య గంట కొట్టి తిరిగొచ్చేసరికి టీచరు టెలిస్కోపుని గ్రౌండులో పెట్టించింది. ముందు ఏ అడ్డమూ పెట్టకుండా సూర్యుడికి గురి చేసింది. గురి అంటే కన్ను పెట్టి కాదు. నేల మీద గొట్టం నీడ చిక్కిచిక్కి గుండ్రంగా ముద్దలా అయిందంటే సూర్యుడు దొరికినట్టే. తర్వాత పిచ్చయ్య సంచిలోంచి ఒక తమలపాకు అడిగి కంటిగాజు దగ్గర పట్టింది. ఒకటి, రెండు అనేలోపు ఆకు మీద చుక్క పడి సుయ్యిమని పొగ లేచింది. పిల్లలు వెనక్కి గెంతారు. లేత ఆకు తగలేశారని పిచ్చయ్య నొచ్చుకున్నాడు.

ఆరోజు ఆవిడ బోర్డు మీద రాసిన మాట ఆ స్కూల్లో చుట్టం పేరంత మామూలైపోయింది. ముందు ఆకు, తర్వాత కన్ను. ఆకు మాడితే ఆ అద్దం పనికిరాదని ఖాయం, మాడకపోయినంత మాత్రాన పనికొస్తుందని కాదు, అని కూడా చెప్పిందనుకోండి. కానీ పిల్లలు పొట్టి మాటనే పట్టుకుంటారు. పిచ్చయ్య కూడా అంతే.

మరి నన్ను పారెయ్యొచ్చు కదా? ఒకమ్మాయి అదే అడిగింది. పారేస్తే ఎవరికో దొరుకుతుంది, ఇక్కడుంటే నా కళ్లముందుంటుంది అంది టీచరు. అలా పెట్టె మూల గుంటలో నా కాపురం మొదలైంది.

హైదరాబాదులో ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చినప్పుడు ఆవిడ నాకు సవతిని తెచ్చింది. పల్చగా, వెండిరంగులో, చాక్లెట్ చుట్టిన కాగితంలా గలగలలాడే ఫిల్టరు కాగితం. దాన్ని గుండ్రంగా కత్తిరించి, స్వీట్ల డబ్బా అట్టతో బిళ్లమూతలా కట్టి, టెలిస్కోపు మూతికి తొడిగింది. ఇది సూర్యుణ్ణి చూడటానికనే చేసింది, పరీక్ష చేసినట్టు కాగితం కూడా దీంతోపాటు ఇచ్చారు అని పిల్లలకి చూపించింది. ఆకు పెట్టింది. బడి గంట కొట్టేదాకా పెట్టినా ఆకు పచ్చగానే ఉంది. తర్వాత కన్ను పెట్టింది. పిల్లలూ పెట్టారు. సూర్యుడి మీద మచ్చలున్నాయని కేకలు. రోజూ ఎండపూట మచ్చలు లెక్కపెట్టి నోటుపుస్తకాల్లో బొమ్మలు గీసుకోవడం, ఈ మచ్చ నిన్న ఇటుంది ఇవాళ అటు జరిగిందని దెబ్బలాడుకోవడం. నాకు ఒళ్లు మండిపోయేది. నలుపంటే నాది. తళతళలాడే కాగితం ముక్క ఏం ఆపుతుందని నా ఉక్రోషం.

పిల్లలు ఇంట్లో దొరికినవన్నీ తెచ్చి ఇది పెట్టొచ్చా అని అడిగేవాళ్లు. ఒకమ్మాయి తాతగారి విరిగిన కాలు ఎక్స్‌రే తెచ్చింది. ఒకమ్మాయి దీపం మసి పట్టించిన గాజు తెచ్చింది. ఇంకొకమ్మాయి వెల్డింగు షాపు నించి వాళ్ల నాన్న పెట్టుకునే అద్దమే పట్టుకొచ్చింది. టీచరు ఒక్కటీ టెలిస్కోపుకి పెట్టనివ్వలేదు. చీకటిగా కనిపించడం వేరు, కన్ను కాపాడటం వేరు, వేడి మన కంటికి కనిపించదు కదా అని ప్రతిసారీ ఓపిగ్గా చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నన్నే అంటోందని నాకు తెలుసు.

ఇలా ఉండగా ఒక ఏడాది దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం వచ్చింది. టీచరుకి కాళ్లు నేల మీద ఆనలేదు. స్కూలు డాబా మీద నించి పడమటివైపు రైలుకట్ట దాకా అడ్డమేమీ లేదు. నూట నలభై మంది పిల్లలకీ పేరుపేరునా మాటిచ్చింది. గ్రహణమంటే తలుపులేసుకుని కూర్చునే ఊళ్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లల్ని పంపండి, కళ్లకి నాది పూచీ అని చెప్పొచ్చింది. కొంతమంది తల్లులు ఇంకా గుంజాటనలోనే ఉన్నారు. పంపితే ఈసారే పంపాలి, ఏదైనా తేడా జరిగిందా ఇక జన్మలో పంపరు.

ఆ గ్రహణానికి ఇరవై రోజుల ముందు దసరా. మన వాళ్ల సంగతి మీకు తెలుసు. ఆయుధపూజంటే మోటారుకీ బొట్టే, మగ్గానికీ బొట్టే, తూకం రాళ్లకీ బొట్టే. పిచ్చయ్య తెల్లారే స్నానం చేసి వచ్చి స్కూలంతా తిరిగాడు. గంటకి గంధం పూసి కుంకుమ పెట్టాడు. కంప్యూటరుకి పెట్టాడు. ల్యాబులో త్రాసుకి పెట్టాడు. అందరికీ పెట్టి టెలిస్కోపుకి పెట్టకపోతే అది నొచ్చుకోదూ? పెట్టె తెరిచాడు. ఎదురుగా నా సవతి, వెండిపళ్లెంలా మెరుస్తూ. గొట్టానికి ముఖం అదే అనుకున్నాడు పాపం. ముఖానికి కదా బొట్టు పెట్టాలి. నడిమధ్యన తడిగంధం పులిమి, దాని మీద కుంకుమ అద్ది, దణ్ణం పెట్టుకున్నాడు.

నాకు పెట్టలేదు. ఆ బాధ కూడా ఉంది నాకు.

సాయంత్రం సామాన్లు సర్దేటప్పుడు, ఇలా మరకతో ఉంటే టీచరమ్మ కోప్పడుతుందేమోనని తువ్వాలు తడిపి తుడిచాడు. గంధం ఎండి గరగరలాడుతోంది. గట్టిగా తుడిచాడు. శుభ్రంగా పోయిందని తృప్తిపడి మూతపెట్టాడు. ఏమిటో తప్పు జరిగిందని ఆయనకి అప్పుడే మనసులో తట్టిందనుకుంటాను, ఎందుకంటే ఎప్పుడూ లేంది మళ్లీ మూత తీసి చూశాడు. కానీ ఆ చిన్న గదిలో వెలుతురు చాల్లేదు. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, లోపల్లోపల సంతోషంగానే అనిపించింది.

దీపావళికి రెండు రోజుల ముందు టీచరు అలవాటు ప్రకారం ఫిల్టరుని పరీక్ష చేసింది. చీకటిగదిలో బల్బుకి ఎదురుగా పట్టుకుంది. మామూలుగా ఒక్క చుక్క కాంతి కూడా కనబడకూడదు. ఆరోజు ఆకాశంలో నక్షత్రాల్లా చిల్లులు. మధ్యలోంచి కిందిదాకా గీతలు గీతలుగా వెండిపూత లేచిపోయింది. ఎవరైనా ముట్టుకున్నారా అని ఒక్కసారి అడిగింది. పిచ్చయ్య గుమ్మం దగ్గరే ఉన్నాడు. నోరు తెరిచాడుగానీ మాట రాలేదు. ఆవిడ రెట్టించి అడగలేదు. కొత్తది తెప్పించే టైములేదు. సాయంత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి, గ్రహణం చూపించలేనమ్మా, మాటిచ్చి తప్పాను, క్షమించండి అంది. ఒక్క పిల్ల కూడా గోల చెయ్యలేదు. అదే పిచ్చయ్యకి తట్టుకోలేనంత కష్టమైపోయింది.

దీపావళి రోజు మధ్యాహ్నం. స్కూలుకి సెలవు. గేటు తాళం తీసిన చప్పుడైంది. పిచ్చయ్య ఒక్కడే వచ్చాడు. పెట్టె తెరిచి, సరాసరి నన్ను తీశాడు. ఆ అక్షరాలకి అర్థమేమిటో వెనకెప్పుడో ఒక పిల్లని అడిగి తెలుసుకున్నాడు. సూర్యుడని రాసుంది కదా, చేసినవాళ్లు అబద్ధం రాస్తారా అని తనలో తను అనుకుంటూ టెలిస్కోపుని డాబా మీదికి మోసుకెళ్లాడు. ఆయన మనసులో ఉన్నది మొత్తం గొణుగుడులోనే నాకు తెలిసిపోయింది. పాడుచేసింది తను. చెప్పే ధైర్యం లేనిదీ తనకే. కాబట్టి ఈ నల్లద్దం పనికొస్తుందో లేదో ముందు తను చూడాలి. పిల్లల కళ్లకంటే ముందు తన కన్ను. ఏదైనా అయితే తనకే అవుతుంది.

ఉన్నది ఒక్క కన్ను. ఆ సంగతి ఆయన అసలు లెక్కలోకే తీసుకోలేదు.

నన్ను కంటిగాజుకి బిగించాడు. నీడ చూసుకుంటూ గొట్టాన్ని తిప్పాడు. నీడ గుండ్రంగా అయింది. అంతే, పుట్టాక మొదటిసారి సూర్యుడు నా మీద పడ్డాడు. అబ్బ, ఆ సంబరం నేను చెప్పలేను. పేరు పెట్టిన ఇన్నేళ్లకి మనిషిని చూసినట్టయింది. ఇవాళ్టితో ఆ వెండికాగితం పని సరి, రేపు నూట నలభై మందీ నాలోంచే చూస్తారు అని ఊగిపోతున్నాను.

పిచ్చయ్య వంగాడు. కుడికన్ను దగ్గరికొచ్చింది. అరచెయ్యంత దూరంలో ఆగింది. ఇన్నేళ్లుగా చెవిలో పడ్డ మాట ఒకటి ఉంది కదా. సంచిలోంచి ఆకు తీసి, నోటితో తడిచేసి, కంటిగాజు మీద అతికించాడు. పక్కన గట్టు మీద కూర్చుని, ఇంకో ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి నోట్లో వేసుకున్నాడు. ఒక విడెం నమిలేంతసేపు చూద్దామని ఆయన లెక్క. మధ్యమధ్యలో లేచి, నీడ జారిపోకుండా గొట్టాన్ని కాస్త జరుపుతున్నాడు.

మొదటి నిమిషం హాయిగా ఉంది. రెండో నిమిషం వెచ్చగా ఉంది. తర్వాత నాకు తెలిసింది, నా నలుపు ఎండని ఆపడం లేదు, మింగుతోంది. మింగింది ఎక్కడికీ పోదు. నడుమంతా కుతకుతలాడుతోంది, అంచులు చల్లగా ఉన్నాయి. టీచరు చెప్పిన ప్రతి మాటా అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికీ నా పొగరు ఒప్పుకోలేదు, ఇంకాస్త ఓర్చుకుంటే చాలు అనుకున్నాను. ఆకు పచ్చగానే ఉంది. విడెం అయిపోయింది. పిచ్చయ్య లేచాడు, నోరు కడుక్కున్నాడు, తృప్తిగా తలూపాడు. ఆకు తీసెయ్యడానికి వేలు పెట్టాడు. వెనకాలే కన్ను వంగుతోంది.

టప్ మని పగిలాను. ఈ చివర్నించి ఆ చివరికి.

ఆ చీలికలోంచి ఎండ కత్తిలా దూసుకెళ్లింది. ఆకు మధ్యలో చుక్క, పొగ, ఆకు మీదున్న వేలు చురుక్కుమంది. పిచ్చయ్య కెవ్వున కేకేసి టెలిస్కోపుని ఒక్క తోపు తోశాడు. గొట్టం పక్కకి తిరిగిపోయింది. ఆయన గట్టు మీద కూలబడి కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. మెల్లిగా చెయ్యి తీశాడు. గేటు వైపు చూశాడు. గంట వైపు చూశాడు. జెండాకర్ర చూశాడు. రైలుకట్ట మీద నడుస్తున్న మేకల్ని ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టాడు. అన్నీ కనిపించాయి. అప్పుడు ఏడ్చాడు.

ఇంకొక్క రెప్పపాటు ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పగలడం అవమానమని అన్నాళ్లూ అనుకున్నదాన్ని, పగిలినందుకు ఆ పూట దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆయన నన్ను చల్లారనిచ్చి, తువ్వాలు కొంగులో కట్టుకుని తిన్నగా టీచరు ఇంటికెళ్లాడు. ఆవిడ పొయ్యి దగ్గర బూరెలు వేస్తోంది. పిచ్చయ్య మెట్టు మీద కూర్చుని ముడి విప్పాడు. పగిలిన నన్ను చూసింది, బొబ్బెక్కిన వేలు చూసింది.

“కన్ను?” అంది.

“ఆకే పెట్టానమ్మా. కన్ను పెట్టలేదు.”

ఆవిడ పిండిచేతులతోనే ఆయన పక్కన కింద చతికిలబడింది. నూనెలో బూరెలు మాడుతున్నా లేవలేదు. అప్పుడు పిచ్చయ్య మొత్తం చెప్పేశాడు. బొట్టు పెట్టడం, తుడవడం, మీరు అడిగినప్పుడు నోరు పెగలకపోవడం. ఆవిడ కోప్పడుతుందని నేనూ ఆయనా ఎదురుచూస్తున్నాం. ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది.

“దీన్ని మొదటిరోజే నేను పగలగొట్టెయ్యాల్సింది బాబాయ్. పాముని డబ్బాలో పెట్టుకుని కాపలా కాస్తున్నాననుకున్నాను.”

కొంచెంసేపటికి కళ్లు తుడుచుకుని, అసలు బొట్టు ఎక్కడ పెట్టావు అని అడిగింది. నడిమధ్యన అన్నాడు. ఎటు తుడిచావు అంది. కిందికి అన్నాడు. పైకి తుడవలేదా అంది. పైవైపు ముట్టుకోనే లేదమ్మా, అక్కడ గంధం అంటలేదు కదా అన్నాడు. ఆవిడ చటుక్కున లేచింది.

“చిల్లులే చూశాను. చిల్లుల్లేని చోటు చూడనే లేదు.”

ఇద్దరూ అప్పటికప్పుడు స్కూలుకొచ్చారు. చీకటిగదిలో బల్బు ముందు పట్టి చూస్తే నిజమే, పై అంచు దగ్గర ఒక చోట ఒక్క చుక్క కూడా లేదు. వెడల్పు రూపాయి బిళ్ల కంటే కాస్త ఎక్కువ. అంత చాలు. సూర్యుడికి వెలుతురు కరువా, మూతి మొత్తం తెరవాలా ఏం? నల్లటి మందపు అట్ట తీసుకుని మొత్తం మూసేసి, ఆ మంచి చోటుకి సరిగ్గా ఎదురుగా ఒక్క గుండ్రటి కిటికీ కొయ్యాలి. గుండ్రంగా గీయడానికి ఏదైనా ఉందా అని ఆవిడ చుట్టూ చూసింది. పిచ్చయ్య నన్ను అందించాడు. నా రింగు చుట్టూ పెన్సిలు తిప్పింది. గ్రహణం చూపించడంలో నా వంతు సాయం అది. పేరు పెట్టినవాళ్లు ఊహించిన సాయమైతే కాదులెండి.

మర్నాడు ఊరంతా తలుపులేసుకుంది. ఆవకాయ జాడీల మీద దర్భలు, పళ్లెంలో నీళ్లుపోసి నిలబెట్టిన రోకళ్లు. అయినా ముందురోజు రాత్రే పిచ్చయ్య ఇంటింటికీ కబురు చెప్పొచ్చాడు, మన పిల్లలు వచ్చారు. మధ్యాహ్నం నించీ ఇంట్లో తిననివ్వలేదని నకనకలాడే కడుపులతో వచ్చారు. మనవరాల్ని లాక్కెళ్లడానికి వచ్చిన ఒక నాయనమ్మ, కాసేపు అరిచి, ఓ మూల నించుని, చివరికి వరసలో తనూ చేరింది. నేను పిచ్చయ్య చొక్కా జేబులో ఉన్నాను. ఏదీ కనబడదుగానీ అన్నీ వినబడుతున్నాయి. టీచరు మూతని గొట్టానికి చుట్టూ టేపుతో అంటించింది, గాలికి ఎగరకుండా, ఏ పిల్ల చెయ్యీ లాగకుండా. వీపు మీదున్న పిల్లగొట్టాన్ని కూడా పిచ్చయ్య తువ్వాలుతో చుట్టేసింది, దాంట్లోంచి చూసినా కన్ను పోయేదే కదా.

ముందు ఆకు పెట్టింది. అందరూ చూస్తుండగా చాలాసేపు పెట్టింది. తర్వాత తన కన్ను పెట్టింది. తలెత్తి, పిచ్చయ్య బాబాయ్, నువ్వు రా అంది. ఆయన వెనక్కి తగ్గాడు. పుట్టి బుద్ధెరిగాక గ్రహణమప్పుడు గడప దాటిన మనిషి కాదు. పిల్లలు వెనకనించి తోశారు. వంగాడు. జేబులో నేనూ ఆయనతోపాటు వంగాను. ఎంతసేపు చూశాడో.

“కొరికిన బూరెలా ఉంది టీచరమ్మా” అన్నాడు.

ఆకలి మీదున్న నూట నలభై మందీ గొల్లుమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కళ్లూ చూశారు, నాయనమ్మతో సహా. చూసినవాళ్లు మళ్లీ వరస చివరికి పరిగెత్తారు. సూర్యుడు రైలుకట్ట వెనక్కి దిగిపోయేదాకా దిగలేదు ఎవరూ. అందరూ చూశారు, నేను తప్ప. సూర్యుడనే పేరు పెట్టుకుని ఆయన గ్రహణాన్ని చొక్కాజేబులోంచి విన్న ఫిల్టరుని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నిజం చెప్పనా, నాకేం వెలితిగా అనిపించలేదు.

ఇప్పుడు నేను సైన్సు గదిలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా కింద ఒక అట్టముక్క, దాని మీద దమయంతి టీచరు చేతిరాత. దీన్ని కంటికి పెట్టుకోకండి అని. కొత్త ఏడు మొదలైనప్పుడల్లా నన్ను బయటికి తీసి, నా పగులు పిల్లలందరికీ చూపించి, దొంగా గుమ్మమూ కథ మళ్లీ చెబుతుంది. గంట కొట్టే టైమైనా ఇప్పుడు పిచ్చయ్య ఆ కథ అయ్యేదాకా కదలడు. ఎవరికీ పనికిరాకుండా ఉండటమే నా పని. నాలాగా ఇంత బాగా చేసేవాళ్లు లేరు. పొగరు తగ్గిందన్నాను కదా, మొత్తం పోయిందనలేదు.

మొన్న దసరాకి పిచ్చయ్య మళ్లీ గంధం గిన్నె పట్టుకుని తిరిగాడు. కొత్త ఫిల్టరు స్టీలు డబ్బాలో ఉంది, డబ్బా మీద తాడు కట్టి ఉంది. దాని దరిదాపులకి పోలేదు. బీరువా తలుపు తీసి నన్ను అరచేతిలో పెట్టుకున్నాడు. పగులు ఎక్కడుందో చూడటానికి కుడికంటికి బాగా దగ్గరగా తెచ్చుకున్నాడు. దీపావళి రోజు ఆ కన్ను నాకు అంత దగ్గరగా రావలసింది. ఆకు అడ్డం వచ్చింది. ఇప్పుడు తీరిగ్గా చూశాను. ఆ కంట్లో కిటికీ ఉంది, కిటికీలో గ్రౌండు ఉంది, గ్రౌండులో ఆడుకునే పిల్లలున్నారు. ఎక్కడా మచ్చ లేదు.

పగులు మీద వేలితో గంధం రాసి, కుంకుమ అద్ది, మళ్లీ నా చోట నన్ను పెట్టాడు. ఈ బొట్టుని ఎవరూ తుడవలేదు. ఇంకా ఉంది.